కార్చిచ్చు: చందాతో తీరని బాకీ

2025 జనవరి 7 సాయంత్రం అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరానికి ఈశాన్యాన, కొండల అంచున మంటలు లేచాయి. ఈటన్ లోయలో పుట్టిన ఆ నిప్పు పెనుగాలి తోడై కొండ కింది ఆల్టడీనా ఊరి మీద పడింది. తెల్లవారేసరికి వీధులకు వీధులు బూడిదయ్యాయి. 9 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి, 19 మంది ప్రాణాలు పోయాయి. నల్లజాతి ముస్లిములు దశాబ్దాల కిందట నెలకొల్పుకున్న మస్జిద్ అల్ తఖ్వా కూడా ఆ బూడిదలో కలిసింది. అదే మంటలలో పక్కనున్న పాసడీనాలోని యూదుల ప్రార్థనాలయమూ, ఆ చుట్టుపట్ల చర్చీలూ పోయాయి.

ఆ మస్జిద్ ఫొటోలు మన ఫోన్లలోకీ వచ్చాయి. చాలామంది ‘ఇన్నా లిల్లాహి’ అని రాసి ఇతరులకు పంపారు. కొందరైతే, చెప్పడానికి సిగ్గుగా ఉన్నది, గాజా మీద పడిన బాంబులకు సొమ్మిచ్చిన దేశానికి తగిన శాస్తి జరిగిందని రాశారు. కాలినది ఎవరి ఇల్లో వారు చూడలేదు. తరతరాలుగా బ్యాంకులు అప్పివ్వని, ఇతర పేటల్లో ఇల్లు కొననివ్వని కాలంలో నల్లజాతి కుటుంబాలు ఇల్లు కట్టుకోగలిగిన అరుదైన ఊళ్లలో ఆల్టడీనా ఒకటి. ఆ ఊరి పడమటి భాగానికి ఇళ్లు ఖాళీ చేయమన్న ఆదేశం మంట మొదలైన తొమ్మిది గంటలకు, తెల్లవారుజామున 3 దాటాక గాని వెళ్లలేదు. చనిపోయినవారిలో దాదాపు అందరూ ఆ భాగంలోని వారే.

విధి అని తల వంచినా, శాస్తి అని తల ఎగరేసినా ఒక ప్రశ్న మాత్రం మరుగున పడుతుంది. ఈ ఇళ్లకు బాధ్యులెవరు? చెల్లించవలసినది ఎవరు? ఆల్టడీనా వాసులు మాత్రం ఆ ప్రశ్నను మరవలేదు. బూడిద చల్లారకముందే కోర్టు మెట్లెక్కారు. ఆ దారి ఎలా ఉంటుందో, అందులో ముళ్లెక్కడ ఉన్నాయో మనం కూడా తెలుసుకోవాలని మా అభిప్రాయం. అక్కడ ఉద్యోగాల మీద, చదువుల మీద ఉన్న మన పిల్లల కోసం కొంత. ఇక్కడ ప్రతి వేసవిలో కాలిపోయే గుడిసెల కోసం అంతకంటె ఎక్కువ.

ప్రజా ప్రయోజనం కోసం ప్రైవేటు ఆస్తిని తీసుకున్నా, పాడుచేసినా న్యాయమైన పరిహారం ఇవ్వాలని కాలిఫోర్నియా రాజ్యాంగం చెబుతున్నది. ప్రభుత్వాన్ని ఉద్దేశించిన ఈ మాటను అక్కడి కోర్టులు ప్రైవేటు కరెంటు కంపెనీలకు కూడా వర్తింపజేశాయి. వాటి తర్కం చాలా సులువైనది. కరెంటు తీగ ఊరందరి మేలు కోసం వేసినది. ఆ తీగ నుంచి నిప్పు రాలి ఒక ఇల్లు కాలితే, ఊరందరి మేలుకు అయిన ఖర్చును ఆ ఒక్క ఇంటివాడి నెత్తిన వేయరాదు. కాబట్టి ఆస్తి నష్టానికి పరిహారం కోరేవాడు కంపెనీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. నిప్పుకు కారణం ఆ కంపెనీ తీగేనని తేలితే చాలు. ప్రాణనష్టానికి, గాయాలకు మాత్రం నిర్లక్ష్యాన్ని చూపవలసి ఉంటుంది.

చెప్పుకోవడానికి ఇది గొప్ప సూత్రమే. ఆచరణలో ఏమైందో ప్యారడైజ్ అనే ఊరి బాధితులు చెబుతారు. 2018 నవంబరు 8న ఆ ఊరు కాలిపోయింది. 85 మంది మరణించారు. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన, దాదాపు నూరేళ్ల నాటి విద్యుత్ లైను మీద అరిగిపోయిన ఒక ఇనుప కొక్కెం విరగడమే కారణమని విచారణలో తేలింది. 2020 జూన్‌లో ఆ కంపెనీ 84 మంది మరణాలకు నేరం ఒప్పుకున్నది. కంపెనీని జైలులో పెట్టలేరు కనుక సుమారు 35 లక్షల డాలర్ల జరిమానాతో ఆ శిక్ష ముగిసింది. మనిషికి ఎంత పడిందో పాఠకులే లెక్కవేసుకోవచ్చు.

బాధితుల పరిహారం సంగతి మరొక కథ. దావాలు వెల్లువెత్తగానే, 2019 జనవరిలోనే కంపెనీ దివాలా రక్షణ కోరింది. దివాలా కోర్టులో కుదిరిన ఒప్పందం మేరకు ప్యారడైజ్‌తో పాటు అంతకుముందరి మంటల బాధితులకు కూడా కలిపి 1,350 కోట్ల డాలర్ల ట్రస్టు ఏర్పడింది. వినడానికి పెద్ద మొత్తమే. అయితే అందులో సగం నగదు కాదు, అదే కంపెనీ షేర్లు. తన ఇంటిని కాల్చినవాడి వ్యాపారం వర్ధిల్లాలని, షేరు ధర పెరగాలని బాధితుడే దుఆ చేయవలసిన పరిస్థితి! ఏళ్ల తరబడి నిరీక్షించాక, ట్రస్టే ఖరారు చేసిన నష్టంలో చివరికి వారి చేతికి వచ్చినది సుమారు 70 శాతం. అందులో నుంచే వకీళ్ల వాటా. ఇటువంటి దావాలలో ఆ వాటా మూడో వంతు దాకా కూడా ఉంటుంది.

ఆ అనుభవం తర్వాత కాలిఫోర్నియా 2019లో ఒక చట్టం చేసి, 2,100 కోట్ల డాలర్ల కార్చిచ్చు నిధిని సంకల్పించింది. కంపెనీల వాటాదారుల నుంచి సగం, కరెంటు వాడకందారుల బిల్లుల నుంచి సగం. మళ్లీ ఒక కంపెనీ దివాలా తీసి బాధితులను నడివీధిలో వదలకూడదన్నది ఉద్దేశం. హవాయి దీవులలో 2023 ఆగస్టు 8న లహైనా పట్టణం కాలి 102 మంది చనిపోయినప్పుడు అటువంటి నిధి అక్కడ లేదు. సుమారు 400 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినా, తాము పాలసీదారులకు చెల్లించిన సొమ్మును రాబట్టుకోవడానికి బీమా కంపెనీలు అడ్డుపడ్డాయి. రాజీ కుదిరాక బీమా కంపెనీలు విడిగా దావా వేయరాదని 2025 ఫిబ్రవరిలో హవాయి సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ వ్యవహారం కదలలేదు.

ఇప్పుడు ఆల్టడీనాకు వద్దాం. సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ కంపెనీ మీద నివాసులే కాక, కౌంటీ ప్రభుత్వం, చివరికి అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా దావాలు వేశాయి. ఎన్నో దశాబ్దాలుగా వాడకంలో లేని ఒక పాత లైనును కొండల మీద తొలగించకుండా వదిలేయడం ఆరోపణలలో ప్రధానమైనది. దావాలు నడుస్తుండగానే 2025 శరత్కాలంలో కంపెనీ తానే ఒక పరిహార పథకాన్ని ప్రారంభించింది. దరఖాస్తు పెట్టుకుంటే కొన్ని నెలలలో లెక్కగట్టి సొమ్ము ఇస్తారు. తీసుకున్నవారు దావా హక్కును వదులుకున్నట్టు సంతకం చేయాలి.

తప్పు పట్టడానికి ఇందులో ఏమీ లేదని కొందరు అంటారు. కోర్టులో ఐదేళ్లు తిరగడం కంటె చేతికి వచ్చినది నయమే కదా అని. నిజమే, వృద్ధులకు, అద్దె కట్టలేక చుట్టాల ఇళ్లలో తలదాచుకున్నవారికి ఆ సొమ్ము ప్రాణాధారం కావచ్చు. వారు సంతకం చేస్తే తప్పు పట్టే అర్హత మనకు లేదు. కాని ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు అన్నది గమనించాలి. మంచి బీమా, బ్యాంకులో నిల్వ ఉన్నవాడు ఆగి పూర్తి పరిహారం రాబట్టుకుంటాడు. చేతిలో ఏమీ లేనివాడు ముందుగా సంతకం చేస్తాడు. ఒకే మంటలో కాలిన రెండు ఇళ్లకు రెండు ధరలు ఇలా ఏర్పడతాయి.

అక్కడున్న మనవాళ్లు తెలుసుకోవలసిన సంగతులు మరి కొన్ని ఉన్నాయి. విపత్తు వేళ ఫెమా అనే కేంద్ర సంస్థ కుటుంబాలకు ఇచ్చే నగదు సహాయం పౌరులకు, గ్రీన్‌కార్డు వంటి హోదా ఉన్నవారికే దక్కుతుంది. హెచ్-1బి వీసా మీదనో విద్యార్థి వీసా మీదనో ఉన్నవారికి రాదు. అయితే అక్కడే పుట్టిన బిడ్డ ఇంట్లో ఉంటే ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టవచ్చు. ఇది తెలియక ఊరుకున్న కుటుంబాలు ఉండవచ్చు. పైగా ప్రభుత్వ సహాయానికి వీసా అడ్డు కావచ్చు గాని, నష్టం కలిగించినవాడి మీద దావాకు కాదు. ఆ దావాకు పౌరసత్వం అక్కరలేదు, సొంత ఇల్లూ అక్కరలేదు. అద్దె ఇంట్లో కాలిన సామానుకూ పరిహారం అడగవచ్చు. కాలిఫోర్నియాలో మరణానికి, గాయానికి 2 ఏళ్లు, ఆస్తి నష్టానికి 3 ఏళ్లు సాధారణ గడువు. ప్రభుత్వ సంస్థ మీద ఫిర్యాదైతే చాలా వాటికి 6 నెలలే.

ఇంత దూరం ఆ దేశపు చట్టం చదివిన పాఠకునికి ఒక సందేహం కలగవచ్చు. విధి రాతను తీసుకెళ్లి కోర్టులో పెట్టడం సబర్‌కు, తవక్కుల్‌కు విరుద్ధం కాదా? మన ఇళ్లలో ఈ మాట తరచు వినబడుతుంది. దావూద్, సులైమాన్ ప్రవక్తల (అ) ముందుకు వచ్చిన తగవును గుర్తుచేసుకుందాం. ఒకరి మేకలు రాత్రివేళ మరొకరి చేనులో పడి మేసిన ఆ ఉదంతం దివ్యఖుర్‌ఆన్ అంబియా సూరాలో ఉన్నది. వ్యాఖ్యాతలు వివరించిన ప్రకారం సులైమాన్ (అ) తీర్పు ఇది: చేను మళ్లీ మునుపటి స్థితికి వచ్చేదాకా మేకల యజమాని ఆ చేనును సాగుచేయాలి, అందాకా మేకల పాలు, ఉన్ని చేనుగలవాడు అనుభవించాలి. చేనుగలవాడిని ఓర్చుకొమ్మని పంపివేయలేదు. మేకలవాడిని నాశనమూ చేయలేదు. పోయినది తిరిగి వచ్చేదాకా బాధ్యత తీరదన్నారు. ఫిఖ్‌హ్ గ్రంథాలలో ‘జమాన్’ అనే పేరుతో ఇదొక పూర్తి అధ్యాయం. సబర్ గుండెకు సంబంధించినది. జమాన్ నష్టం చేసినవాడి మెడకు సంబంధించినది. ఒకటి రెండవదాన్ని మాఫీ చేయదు. ఇక బీమా ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఆ చర్చలోకి మేము పోము. బీమా వద్దనుకున్న ఇంటికి పరిహార చట్టం మరింత అవసరమని మాత్రం అంటాము.

మన దేశంలో కార్చిచ్చుకు, ముస్లిములకు సూటిగా సంబంధమున్న చోటు ఉత్తరాఖండ్. శివాలిక్ అడవుల నుంచి వేసవిలో హిమాలయ పచ్చికల దాకా గేదెలను తోలుకుంటూ బతికే వన గుజ్జర్లు ముస్లిములు. వారి ఇల్లు గడ్డితో, కర్రలతో కట్టుకునే డేరా. ఏటా వేసవిలో ఆ రాష్ట్రపు అడవులు అంటుకుంటాయి. 1927 నాటి భారత అటవీ చట్టం 79వ సెక్షను ప్రకారం అడవిలో హక్కులు అనుభవించేవాడు నిప్పు కనబడితే అధికారికి తెలపాలి, వెంటనే ఆర్పడానికి పూనుకోవాలి. చేయకపోతే నెల రోజుల దాకా జైలు. 26వ సెక్షనైతే, రిజర్వు అడవిలో ఎవరైనా కావాలనో ఘోర నిర్లక్ష్యంతోనో నిప్పు పెడితే, ఆ అడవిలో మేత హక్కులన్నింటినీ నిలిపివేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తున్నది. చేసినది ఒకడైనా శిక్ష అందరికీ. ఇన్ని బాధ్యతలు మోపిన ఆ చట్టంలో, అదే మంటలో డేరా కాలిన పశుపోషకుడికి ఏమివ్వాలో ఒక్క మాట లేదు.

మిగిలినది విపత్తు సహాయం. జాతీయ, రాష్ట్ర విపత్తు నిధుల జాబితాలో అగ్ని ఉన్నది. 2022–26 కాలానికి కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం మరణానికి 4 లక్షల రూపాయలు. ఇల్లు పూర్తిగా నాశనమైతే మైదానంలో 1,20,000, కొండ ప్రాంతంలో 1,30,000. గుడిసె అయితే 8,000. ఆవుకో గేదెకో 37,500, అదీ కుటుంబానికి 3కు మించి ఇవ్వరు. పదిహేను గేదెల మీద బతికే కుటుంబానికి పన్నెండు గేదెలు లెక్కలోకే రావు. అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. దెబ్బతిన్న ఇల్లు అధికారులు ధ్రువీకరించిన అధీకృత కట్టడం అయి ఉండాలట. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా నేటికీ హక్కు పత్రాల కోసం తిరుగుతూ, ఆక్రమణదారులనిపించుకుంటున్న వన గుజ్జరుకు ఆ ధ్రువీకరణ ఎవరిస్తారు? ఈ షరతు అతనికే కాదు. చెరువు గట్టున, నాలా పక్కన, రైలు కట్ట వెంట గుడిసెలు వేసుకున్న మన బస్తీలకూ అదే వర్తిస్తుంది. నిప్పు పట్టా చూసి అంటుకోదు, సహాయం మాత్రం పట్టా చూసి వస్తుంది.

అందుకే సహాయానికి, పరిహారానికి గల తేడాను మనం గట్టిగా పట్టుకోవాలి. సహాయం ప్రభుత్వం ఇచ్చేది. పరిహారం నష్టానికి కారకుడు చెల్లించవలసినది. రెండవదానికి పట్టా అక్కరలేదు. మధ్యప్రదేశ్‌లో వాన నీరు నిలిచిన రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళుతున్న ఒక కార్మికుడు తెగిపడిన తీగ తగిలి మరణించాడు. ఎవరో దొంగతనంగా కరెంటు లాగుకోవడానికి వేసిన తీగ అది, మాకేమి సంబంధమని విద్యుత్ బోర్డు వాదించింది. 2002 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసేవాడు నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడేనన్నది. కాలిఫోర్నియా కోర్టులు వేరే దారిలో చేరిన చోటికే మన కోర్టు కూడా చేరింది. వేలాడే తీగల రాపిడికి నిప్పురవ్వలు రాలి గుడిసెలు, గడ్డివాములు కాలినప్పుడు ఈ తీర్పును ఎందుకు వాడుకోము? వాడుకోవచ్చునని మనకు తెలియదు గనుక.

తెలిస్తే దారులున్నాయి. విద్యుత్ ప్రమాదాల మీద విచారణకు విద్యుత్ చట్టం 161వ సెక్షను వీలు కల్పిస్తున్నది. విద్యుత్ ఇన్‌స్పెక్టరు నివేదిక బాధితుల చేతిలో బలమైన సాక్ష్యం. ఫైర్ స్టేషను ఇచ్చే ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయపు పంచనామా, పోలీసు రికార్డు దానికి తోడు. కరెంటు సరఫరా, బీమా సేవల మీద వివాదాలను కోర్టు ఫీజు లేకుండా శాశ్వత లోక్ అదాలత్‌కు తీసుకెళ్లవచ్చు. సివిల్ కోర్టులో దావా వేయవలసివస్తే, ఫీజు కట్టలేని నిరుపేద ఆ సంగతి చూపి మినహాయింపు కోరవచ్చు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం సామూహిక విపత్తు బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆడవారికి విపత్తు లేకున్నా హక్కే. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. మరణానికి వారసులు వేసే దావా గడువు 2 ఏళ్లే అన్నది మరవరాదు.

ప్రభుత్వ సహాయమే అందకపోతే? విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను, సహాయంలోనూ పరిహారంలోనూ లింగం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపరాదని స్పష్టంగా చెబుతున్నది. ఈ సెక్షను మన కార్యకర్తలలో చాలామందికి తెలియదని మా అనుభవం. బస్తీలో ఒక వరస గుడిసెల పేర్లు జాబితాలోకెక్కి మరొక వరస ఎక్కనప్పుడు ఉదహరించవలసినది దీనినే. ఆ చట్టం కింది వ్యవహారాలలో కింది కోర్టులకు అధికారం లేదు. నేరుగా హైకోర్టుకు వెళ్లాలి. కొవిడ్ మరణాల కేసులో, 2021 జూన్ 30న, విపత్తు మృతుల కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా సిఫారసు చేయడం అధికారుల ఇష్టం కాదు, విధి అని సుప్రీంకోర్టు చెప్పింది. మొత్తం ఎంతన్నది వారికే వదిలినా, ఇవ్వడం తప్పనిసరి అన్నది.

ఇక మన సంగతి. ఒక బస్తీ కాలితే మన జమాతులు కదలడంలో ఆలస్యం చేయవు. జుమా నాడు మస్జిద్ గుమ్మం దగ్గర దుప్పటి పరుస్తాం, బియ్యం, దుప్పట్లు, గిన్నెలు పంచుతాం, ఫొటోలు తీసుకుంటాం. జకాత్ సొమ్ముతో రేకులు వేయిస్తాం. అల్లాహ్ స్వీకరించుగాక. కాని ఆ హడావిడిలో బూడిద ఎత్తిపోస్తాం, కాలిన తీగను పక్కకు లాగేస్తాం, పంచనామాకు ముందే కొత్త గుడిసె లేపుతాం. వారం తిరిగేసరికి సాక్ష్యం మిగలదు. కరెంటువాళ్లు పొయ్యి నిప్పు అని రాసుకుంటారు, మనం సంతకం పెడతాం. తెలిసో తెలియకో, బాకీ ఉన్నవాడి తరఫున ఆ బాకీని మన చందాతో తీర్చేస్తున్నాము.

మొదటి రోజే దుప్పట్లతో పాటు ఒక నోటు పుస్తకం, ఒక వకీలు కూడా బస్తీకి వెళ్లాలి. ఇంటింటికీ ఏమేమి కాలిందో ఆ ఇంటి ఆడవారిని అడిగి రాయాలి. ఇంట్లో ఏమున్నదో మగవారికంటె వారికే బాగా తెలుసు. ఫొటోలు కూలిన గోడకే కాక, తీగకు, స్తంభానికి, స్తంభం మీది నంబరుకు కూడా తీయాలి. కాలిపోయిన ఆధార్, రేషన్ కార్డులు, స్కూలు సర్టిఫికెట్ల నకళ్లకు ఆ వారంలోనే దరఖాస్తులు పెట్టించాలి. చదవని కాగితం మీద వేలిముద్ర వేయవద్దని ఇంటింటికీ చెప్పాలి.

2022–26 నిబంధనల కాలం 2026 మార్చితో ముగిసేదిగా పెట్టినది. తర్వాతి నిబంధనలలో అధీకృత కట్టడం అన్న షరతును సహాయం వరకైనా తొలగించాలి. పశువుల మీద జీవించే కుటుంబాలకు 3 గేదెల పరిమితిని ఎత్తివేయాలి. డేరాను గుడిసెగా కాక ఇల్లుగా లెక్కించాలి. ఈ మూడు కోర్కెలతో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు మహజరు వెళ్లవలసి ఉన్నది. ఇదే షరతుకు ఇదే విధంగా నష్టపోతున్న ఆదివాసీ సంఘాల సంతకాలు కూడా మన సంతకాల పక్కన ఉండేలా చూడాలి. అందుకు వారి ఊళ్లకు మనమే ముందుగా వెళ్లాలి.